వేగాస్ హోటళ్లు మూతపడ్డ 78 రోజులు: యూనియన్ చేసిందేమిటి?

డాలస్_బాబాయ్ (డాలస్) · శనివారం రాత్రి 9:12

క్రిస్మస్ సెలవులకు పిల్లల్ని తీసుకుని వేగాస్ వెళ్లొచ్చాం. మా గది సర్దే ఆవిడతో కారిడార్‌లో మాట కలిసింది. పందొమ్మిదేళ్లుగా అదే హోటల్, అదే ఫ్లోరట. కోవిడ్‌లో పద్నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని మళ్లీ అదే ఫ్లోర్‌కి, అదే సీనియారిటీతో వచ్చిందట. ఎలా అంటే చొక్కాకున్న బ్యాడ్జీ మీద వేలు పెట్టి "యూనియన్" అంది. మా ఐటీలోనైతే పొద్దున మీటింగ్ పెడతారు, మధ్యాహ్నానికి లాగిన్ పనిచేయదు.

అప్పట్నుంచి బుర్రలో తిరుగుతోంది. సమ్మె చేసి జీతం పెంచుకోవడమంటే అర్థమవుతుంది. అసలు హోటలే మూతపడితే, ఓనరుకే పైసా రాకపోతే, యూనియన్ మాత్రం ఏం చేస్తుంది? ఎవరి మీద సమ్మె చేస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి. రాజకీయాలు వద్దు, ప్లీజ్.

బెజవాడ_బజ్జీ (విజయవాడ) · రాత్రి 9:30

యూనియన్ గురించి అడిగి రాజకీయాలు వద్దంటే, ఉల్లిపాయ లేకుండా ఉల్లి పకోడీ వేయమన్నట్టుంది బాబాయ్. సరే, కుర్చీ లాక్కుని కూర్చున్నా.

స్ట్రిప్_వెనకవీధి (లాస్ వేగాస్) · రాత్రి 11:05

నేను స్ట్రిప్ మీదే, అంటే వేగాస్‌లో పెద్ద క్యాసినో హోటళ్లుండే ఆ వీధిలోనే పనిచేస్తానండి. వీధిలో అంటే, వీధి మీద కనబడే భాగంలో కాదు, వెనక వంటింట్లో. ప్యాంట్రీ పని. సలాడ్లు, కోసిన పళ్లు, చల్లటి ప్లేట్లు. 2014 నుంచి. మాది భీమవరం పక్కన పల్లెటూరు. హోటల్ పేరు మాత్రం అడక్కండి.

2020 మార్చి 17 సాయంత్రం మా నెవాడా రాష్ట్ర గవర్నర్ సిసోలాక్ టీవీలోకొచ్చి, ఆ అర్ధరాత్రి నుంచి క్యాసినోలు బంద్ అన్నాడు. ఆ రోజు నాది సాయంత్రం షిఫ్టు. కూలర్ గదిలో ఉన్న పాలకూర, స్ట్రాబెర్రీలు, పెరుగు డబ్బాలు అన్నీ మాకే పంచేశారు. మా చెఫ్ పెళ్లిభోజనం మిగిలిపోయినట్టు సర్దుతున్నాడు. ఏడ్చినవాళ్లు ఏడుస్తున్నారు. ఇరవై నాలుగ్గంటలూ తెరిచుండే ఊళ్లో ఆ రాత్రి దీపాలు ఆరిపోతుంటే చూడటం... సరే, అది వదిలేద్దాం. జూన్ 4న తెరిచారు. మధ్యలో 78 రోజులు. తెరిచింది కూడా అన్ని హోటళ్లనీ కాదు, పిలిచింది అందర్నీ కాదు.

బాబాయ్ గారి ప్రశ్నకి ముందు ఒకటి చెప్పాలి. యూనియన్ మాకు జీతం ఇవ్వలేదు. దాని దగ్గర అంత డబ్బూ లేదు. మా చందాలతో నడిచేది కదా, మా పని పోతే దానికీ ఆదాయం పోయింది. మా కలినరీ లోకల్ 226 అనేది యునైట్ హియర్ అనే పెద్ద సంఘంలో భాగం. ఆ మొత్తం సంఘంలో దాదాపు 98 శాతం మందికి పని పోయింది. యూనియన్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లనే తీసేయాల్సొచ్చింది.

మరి ఏం చేసిందీ అంటే, మొదటి నెలంతా ఫారాలు నింపడమే పని. ఏప్రిల్‌లో నెవాడాలో నిరుద్యోగం 30 శాతం దగ్గరికి వెళ్లింది, దేశం మొత్తం మీద మాదే ఎక్కువ. అందరూ ఒకేసారి భృతికి అప్లై చేస్తే సర్కారు వెబ్‌సైటు కుప్పకూలింది. ఫోన్ ఎత్తరు. మాలో గదులు సర్దేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు చాలామందికి ఇంగ్లీషు రాదు. 178 దేశాలవాళ్లం, నలభైకి పైగా భాషలు. నిరుద్యోగ భృతి ఫారంలో ఒక గడి తప్పు నింపితే నెలలు ఆగిపోయేది. ఆ గడి ఎలా నింపాలో స్పానిష్‌లో, టగాలోగ్‌లో, అమ్హారిక్‌లో చెప్పే మనిషి దొరకడం ఎంత పెద్ద సాయమో! తెలుగులో చెప్పేవాళ్లెవరూ లేరు. నాది నేనే నింపుకున్నా, ఇంకో ఇద్దరికి నింపిపెట్టా. జూలై చివరిదాకా కేంద్రం వారానికి అదనంగా 600 డాలర్లిచ్చింది. ఆ డబ్బు చేతికి రావాలంటే ముందు ఈ ఫారం ఒడ్డెక్కాలి.

రెండోది తిండి. మా కలినరీ అకాడమీ అని వంటపని, గదుల పని నేర్పే బడి ఒకటుంది, 1993లో యూనియనూ హోటళ్లూ కలిసి పెట్టింది. దాని ముందు కార్లు బారులు తీరేవి. డిక్కీ తెరిచి పెట్టుకుని కూర్చోవాలి, దిగకూడదు. నా డిక్కీలో పెట్టె పెట్టినతను మా బ్యాంక్వెట్‌లో, అంటే విందుల విభాగంలో, కుక్. రోజుకి మూడొందల ప్లేట్లు సర్దే చేతులు నావి, స్టీరింగ్ మీద ఊరికే ఉన్నాయి. మాస్కు ఉందిగా, ఇద్దరం ఒకర్నొకరు గుర్తుపట్టనట్టు నటించాం.

మూడోది చెప్పాలంటే రేపు రాస్తా. పొద్దున్నే డ్యూటీ.

ఫ్రంట్_ఆఫీస్ (బెంగళూరు) · ఆదివారం ఉదయం 8:20

మేడమ్ రాసింది మనసుకి తగిలింది. కానీ నేను అటువైపు మనిషిని, ఆ మాట కూడా ఎవరో చెప్పాలి. ఇరవై రెండేళ్లు హోటల్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నా. గదులు ఖాళీగా ఉంటే ఖర్చు ఆగిపోతుందని బయటివాళ్ల అపోహ. కరెంటు వాడకపోయినా డిమాండ్ ఛార్జీ కట్టాలి. వారానికోసారి కుళాయిలన్నీ తిప్పి నీళ్లు వదలాలి, లేకపోతే పైపుల్లో రోగం పుడుతుంది. బ్యాంకు వాయిదాలకి రిజర్వ్ బ్యాంకు ఆర్నెల్లు వాయిదా ఇచ్చింది గానీ వడ్డీ పెరుగుతూనే ఉంది. అమ్ముడుపోని గది ఆ రాత్రితో పోయినట్టే, చీరలా బీరువాలో పెట్టి వచ్చే నెల అమ్ముకోలేం. ఇలాంటప్పుడు యూనియన్ వచ్చి "ఒక్కరినీ తీయకూడదు" అంటే మేం ఎక్కణ్ణుంచి తేవాలి?

ఉక్కునగరం (విశాఖపట్నం) · ఉదయం 9:02

ఫ్రంట్ ఆఫీస్ గారూ, "ఒక్కరినీ తీయకూడదు" అని ఆవిడ అనలేదే! పని లేనప్పుడు పంపించారు, వెళ్లారు. మళ్లీ పిలిచేటప్పుడు మమ్మల్నే పిలవండి అన్నారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఆవిడ మూడోది అని ఆపింది కూడా అదే అనుకుంటా. రాయనివ్వండి.

నేను ముప్పై ఏళ్లు యూనియన్ పనిలో ఉండి రిటైరయ్యా. స్టీల్ ప్లాంటు మాది, హోటళ్లు కాదు. బీచ్ రోడ్డు హోటళ్ల కుర్రాళ్లు అప్పుడప్పుడు కాగితాలు పట్టుకొచ్చేవారు, అలా తెలుసు.

బ్యాంక్వెట్_బాయ్ (హైదరాబాద్) · మధ్యాహ్నం 1:47

అందరికీ నమస్తే. ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ బ్యాంక్వెట్‌లో చేసేవాణ్ణి. మొదట క్యాజువల్. పెళ్లి ఉంటే పిలుస్తారు, రాత్రికి ఇంత అని చేతిలో పెడతారు. రెండేళ్లకి పేరోల్ మీదకి తీసుకున్నారు. మా అమ్మ ఊళ్లో అందరికీ చెప్పుకుంది. 2020 మార్చిలో పెళ్లిళ్లన్నీ క్యాన్సిల్. ముందు సెలవులు వాడేసుకోమన్నారు. అవి అయిపోయాక జీతం లేని సెలవు. జూన్‌లో హెచ్‌ఆర్ నుంచి ఒక్కొక్కరికి విడివిడిగా ఫోన్. "రాజీనామా మెయిల్ పెట్టు, మామూలైతే ముందు నిన్నే పిలుస్తాం, పెట్టకపోతే టర్మినేషన్ అని రికార్డులో పడుతుంది, ఇంకెక్కడా ఉద్యోగం రాదు" అన్నారు. ఆయన మంచాయనే, గొంతులో బాధ కూడా ఉంది. పెట్టేశా. అందరం పెట్టేశాం. ఒకడు పెట్టాడని ఇంకొకడికి తెలీదు.

2021 చివర్లో ముహూర్తాలు మొదలయ్యాక మా హాల్లోనే పెళ్లికి అతిథిగా వెళ్లా, ఫ్రెండ్ చెల్లెలిది. సర్వీస్ చేస్తున్న కుర్రాళ్లందరూ కొత్తవాళ్లు, కాంట్రాక్టర్ మనుషులు. నా కోటే వేసుకున్నాడు ఒకడు. నా కోటే అని ఎలా తెలుసంటే, ఎడమ జేబు దగ్గర రసం మరక పోలేదు.

నేనిప్పుడు వేరే చోట చేస్తున్నా. ఒక్కటే అడుగుతున్నా. అప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

బెజవాడ_బజ్జీ (విజయవాడ) · మధ్యాహ్నం 2:15

జోకులేద్దామని వచ్చా. కోటు దగ్గర ఆగిపోయా తమ్ముడూ.

ఉక్కునగరం (విశాఖపట్నం) · మధ్యాహ్నం 3:40

బాబూ, కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టు.

వేగాస్‌లో "రీకాల్ హక్కు" అని, అంటే ఇంటికి పంపినవాళ్లనే మళ్లీ ముందు పిలవాలని, గొప్పగా చెప్పుకుంటున్నది మన దేశంలో 1953 నుంచీ చట్టంలో ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టానికి ఆ ఏడాది చేర్చిన 25హెచ్ సెక్షన్. రిట్రెంచ్ చేసినవాళ్లు, అంటే శిక్షగా కాకుండా యజమాని పనిలోంచి తీసేసినవాళ్లు, ఉండగా కొత్తవాళ్లని తీసుకోవాలంటే ముందు పాతవాళ్లకి కబురు పెట్టాలి, వాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలి. 25జీ ప్రకారం చివర చేరినవాణ్ణి ముందు తీయాలి. 25ఎఫ్ ప్రకారం నెల నోటీసు, పూర్తి చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం. అప్పట్లో హోటళ్లకి కూడా ఇవి వర్తించేవి.

అయితే వీటన్నిటికీ గుమ్మం దగ్గరే ఒక మాట కాపలా కాస్తుంటుంది: "రిట్రెంచ్‌మెంట్". నువ్వు రాజీనామా ఇచ్చావు. నీ అంతట నువ్వు వెళ్లినవాడికి పరిహారమూ లేదు, తిరిగి పిలిచే పూచీ లేదు. ఆ ఫోన్ వచ్చింది అందుకే. మెయిల్ పెట్టకపోతే రికార్డు పాడవుతుందన్నది బెదిరింపు. పెట్టించుకోవడమే వాళ్లకి అవసరం, నీకు కాదు.

ఇంకో విచిత్రం. పని లేక ఇంటికి పంపిస్తే సగం జీతం ఇవ్వాలని 25సీ ఉండేది. తీరా చూస్తే అది ఫ్యాక్టరీలకీ, గనులకీ, తోటలకీ మాత్రమే. హోటల్ ఫ్యాక్టరీ కాదు, గని కాదు, తేయాకు తోట అంతకన్నా కాదు. కాబట్టి అందరికన్నా ముందు మూతపడేవాటికి ఆ రక్షణ లేకుండా పోయింది.

లాక్‌డౌన్ మొదట్లో, మార్చి 29న, పూర్తి జీతాలివ్వాలని కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి దాన్ని ఎత్తేశారు. యజమానులు సుప్రీంకోర్టుకి వెళ్తే, జూన్ 12న కోర్టు ఏమందంటే, ఆ 50 రోజుల జీతం సంగతి యజమానులూ కార్మికులూ కూర్చుని మాట్లాడుకోండి అంది. మంచి మాటే. కూర్చోడానికి అటువైపు హెచ్‌ఆర్, లాయరు, అకౌంటెంటు ఉన్నారు. ఇటువైపు ఎవరు? ఒక్కొక్కడికి విడివిడిగా ఫోన్ చేసిన చోట ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? యూనియన్ ఉన్న చోట ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. డాలస్ బాబాయ్ గారు అడిగినదానికి నా జవాబు అదే.

నువ్వు చేయగలిగింది ఒకటుండేది. ఈఎస్‌ఐలో ఉంటే, అంటే జీతం 21,000 లోపుంటే, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద 2020 మార్చి 24 తర్వాత పని పోయినవాళ్లకి సగటు వేతనంలో సగం, 90 రోజుల వరకు ఇచ్చారు. అంతకుముందు పావు వంతే ఉండేది. ఈ సంగతి నీకెవరైనా చెప్పారా?

బ్యాంక్వెట్_బాయ్ (హైదరాబాద్) · మధ్యాహ్నం 3:58

లేదు సార్. పీఎఫ్ నుంచి మూడు నెలల అడ్వాన్సు తీసుకోవచ్చని చెప్పారు. తీసేసుకున్నా.

ఆర్మూర్_పసుపు (దుబాయ్) · సాయంత్రం 5:20

తమ్మీ, నీకన్న చట్టం ఉండి అందలేదు. మాకు యూనియనే ఉండది ఈడ. పెట్టుకునుడు చట్టంలనే లేదు.

నేను దేరాల ఒక హోటల్ల హౌస్‌కీపింగ్ చేస్తున్న, పదకొండేండ్ల సంది. 2020ల గిక్కడి సర్కారు ఒక తరీఖ జెప్పింది. కంపెనీ ముందుగాల ఇంట్ల కెల్లి పని ఇయ్యాలె, కాకుంటే జీతంతోని సెలవు, తర్వాత జీతం లేని సెలవు, ఆఖరుకు జీతం తగ్గిచ్చుడు, అన్నిటికి పనోని సంతకం గావాలె. సంతకం గావాలె అన్నరు గని, వీసా కంపెనీదాయె, రూమ్ కంపెనీదాయె, మెస్ కంపెనీదాయె. సంతకం బెట్టక ఏం జేస్తం? ఆరుగురం ఉన్న రూమ్ల నలుగురు మేల వందే భారత్ విమానం ఎక్కిన్రు. టికెట్ పైసలు మళ్ల సొంతంగనే. ఒకాయిన ఊర్ల పసుపు ఎవుసం జేస్తుండు ఇప్పుడు, రానంటుండు.

ఒక్క మంచి ముచ్చట. 2023 జనవరి నుంచి ఈడ ఉద్యోగ బీమా బెట్టిన్రు. మా అసొంటి తక్కువ జీతపోళ్లకు నెలకు 5 దిర్హాములు కట్టుడు. పని పోతే బేసిక్‌ల 60 శాతం మూడు నెలలు వస్తది. గప్పుడు ఉంటే మా నలుగురు ఆగుతుండెనేమో.

మా రూమ్ల మేమే ఒక చిట్టీ లెక్క పెట్టుకున్నం, నెలకు తలా 50. యూనియన్ అనరాదు, అనం. చిట్టీ అంటం.

స్ట్రిప్_వెనకవీధి (లాస్ వేగాస్) · ఆదివారం రాత్రి 8:31

డ్యూటీ దిగి ఇప్పుడే అన్నీ చదివా. బ్యాంక్వెట్ తమ్ముడూ, మాకు కూడా ఫోన్లొచ్చాయి. తేడా ఏంటంటే, మా ఫోన్ షాప్ స్టీవార్డ్ నుంచి వచ్చింది. మాలో ఒకావిడే, లాండ్రీలో చేస్తుంది, యూనియన్ తరఫున మా డిపార్ట్‌మెంట్లు చూసుకుంటుంది. "ఎవరేం పంపినా సంతకం పెట్టకు, ముందు నాకు ఫొటో పంపు" అంది. అంతే. పది సెకన్ల ఫోన్. నీకు ఆ పది సెకన్లు ఎవరూ ఇవ్వలేదు.

మూడోది రీకాల్. మా ఒప్పందాల్లో ముందునుంచీ ఉంది. పని తగ్గి ఇంటికి పంపితే సీనియారిటీ జాబితాలో పేరు ఉంటుంది, పని వచ్చినప్పుడు జాబితా ప్రకారం పిలవాలి. కానీ దానికి గడువుంటుంది. ఆ గడువు రాసినవాళ్లు మామూలు మాంద్యాన్ని మనసులో పెట్టుకుని రాశారు, ఏడాది దాటినా కదలని రోగాన్ని కాదు. నెలలు గడిచేకొద్దీ జాబితాలోంచి పేర్లు రాలిపోతాయేమోనని మా భయం. యూనియన్ ఒక్కో కంపెనీ దగ్గరా ఆ గడువు పొడిగించుకుంటూ వచ్చింది. యూనియన్ లేని హోటళ్లవాళ్ల గతి ఏంటి మరి? వాళ్లకి కూడా వర్తించేలా చట్టం కావాలని రాష్ట్ర రాజధాని కార్సన్ సిటీ మీద పడ్డారు. 2021 జూన్‌లో ఎస్‌బీ 386 అనే బిల్లు మీద సంతకం అయింది. పాత ఉద్యోగాన్ని ముందు పాతవాళ్లకే ఇవ్వాలని. కాలిఫోర్నియాలో కూడా అదే ఏడాది ఇలాంటి చట్టమే వచ్చింది. నేను 2021 మార్చిలో మళ్లీ పనిలోకి వెళ్లా, నాకు చట్టం అవసరం పడలేదు, జాబితా సరిపోయింది. మా ఆయన షుగర్ మందులు అప్పటిదాకా యూనియన్ ఫార్మసీలోనే తెచ్చుకున్నాం. ఇన్సూరెన్సు కార్డు పనిచేస్తుందా లేదా అని ప్రతి నెలా ఒకటో తారీఖున గుండె దడ. మా హెల్త్ ఫండ్‌లో యూనియనూ యజమానులూ ఇద్దరూ ట్రస్టీలు. ఎన్నాళ్లు పొడిగించాలన్న మాట ఒక్క కంపెనీ చేతిలో లేదు.

నిజం చెప్పాలంటే నొప్పులూ ఉన్నాయి. సీనియారిటీ అంటే కిందవాడు ఆఖర్న. మా స్టేషన్లో 2019లో చేరిన పిల్ల ఉండేది, మంచి పనిమంతురాలు. జాబితాలో అట్టడుగు. నా పేరు వచ్చాక ఎన్నో నెలలకి గానీ తనకి రాలేదు. ఈలోగా గిడ్డంగి పనికి వెళ్లిపోయింది. నన్ను కాపాడిన గీతే ఆ పిల్లని బయట పెట్టింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

న్యూజెర్సీ_నాని (ఎడిసన్) · రాత్రి 9:10

మా పక్కన న్యూయార్క్ సంగతి కూడా చేరుస్తా. అక్కడ హోటల్ ట్రేడ్స్ కౌన్సిల్ అని యూనియన్. 2021 అక్టోబరులో సిటీ కౌన్సిల్ చేత ఒక చట్టం చేయించారు. మూసేసిన, లేదా 75 శాతం మందిని ఇంటికి పంపిన పెద్ద హోటళ్లు, తెరిచి వాళ్లని పిలవకపోతే ఒక్కొక్కరికి వారానికి 500 డాలర్లు, 30 వారాల దాకా కట్టాలి. ఊరికే జాలి కాదు. మూసి ఉంచడం కూడా ఖర్చయ్యేలా చేశారు.

దీనికి అద్దం తిప్పితే బోస్టన్. యూనియన్ లేని ఒక పెద్ద హోటల్ 2020 సెప్టెంబరులో సుమారు 230 మందిని ఇంటికి పంపింది, తిరిగి పిలిచే హామీ లేకుండా. ముప్పై ఏళ్లు పైబడి చేసినవాళ్లూ ఉన్నారు వాళ్లలో. వాళ్లు యూనియన్ సభ్యులు కాకపోయినా అక్కడి హోటల్ యూనియన్ లోకల్ 26 వాళ్లతో పాటు వీధిలో నిలబడింది.

డాలస్_బాబాయ్ (డాలస్) · రాత్రి 9:44

స్ట్రిప్ గారూ, ఒక చిన్న సందేహం. మేం వెళ్లినప్పుడు గది రోజూ శుభ్రం చేశారు. డాలస్‌లో మేముండే హోటళ్లలో అడిగితే తప్ప రావడం లేదు, "పర్యావరణం కోసం" అని కార్డు పెడుతున్నారు. దీనికీ యూనియన్‌కీ సంబంధం ఉందా?

స్ట్రిప్_వెనకవీధి (లాస్ వేగాస్) · రాత్రి 10:20

అసలు గొడవంతా అక్కడే బాబాయ్ గారూ!

రోజూ చేస్తే గదికి ఇంతసేపని లెక్క. నాలుగు రోజులు వదిలేసి ఐదో రోజు చేస్తే చెత్త, వెంట్రుకలు, సబ్బు జిగురు, అన్నీ పేరుకుని రెట్టింపు పని. కానీ లెక్కలో అది ఒక్క గదే. నాలుగు రోజులకి మనుషులు అక్కర్లేదు. అంటే కోవిడ్ భయం పేరు చెప్పి సగం ఉద్యోగాలు శాశ్వతంగా మాయం.

2020 ఆగస్టులో నెవాడాలో ఎస్‌బీ 4 వచ్చింది. యజమానులకి కావాల్సింది వాళ్లకిచ్చారు, కోవిడ్ సోకిందని కోర్టుకెక్కకుండా రక్షణ. మావాళ్లు దానికి బదులుగా రోజూ గదులు శుభ్రం చేయడం, జ్వరమొస్తే జీతంతో సెలవు, పరీక్షలు రాయించుకున్నారు. దాన్ని అడాల్ఫో ఫెర్నాండెజ్ చట్టం అంటారు, కోవిడ్‌తో చనిపోయిన యూనియన్ సభ్యుడి పేరు. కోర్టు హక్కు వదులుకుని చీపురు హక్కు తెచ్చుకున్నారని మా ఇంట్లోనే వాదులాట. మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు.

2023లో ఆ గదుల నిబంధనని రాష్ట్రం తీసేసింది. అదే ఏడాది మా పెద్ద ఒప్పందం గడువు తీరింది. సెప్టెంబరులో సమ్మెకి ఓటేస్తే 95 శాతం సరే అన్నారు. నేనూ వేశా. నవంబరు 10 గడువు. వారం తిరిగితే ఊళ్లో ఫార్ములా వన్ కార్ల పందెం. గడువుకి ముందు మూడు పెద్ద కంపెనీలూ ఒకదాని వెనక ఒకటి సంతకాలు పెట్టాయి. చట్టంలోంచి తీసేసిన రోజువారీ శుభ్రం ఇప్పుడు ఒప్పందంలో ఉంది. ఇంకో మహమ్మారో, మాంద్యమో వస్తే పనికొచ్చేలా రీకాల్ గడువు కూడా పొడిగించారు. జీతం పెంపు గురించే పేపర్లన్నీ రాశాయి. మా లాండ్రీ స్టీవార్డ్ మాత్రం రీకాల్ పేజీ తెరిచి రెండుసార్లు చదివి వినిపించింది.

ఫ్రంట్_ఆఫీస్ (బెంగళూరు) · సోమవారం ఉదయం 7:15

రాత్రంతా నిద్రపట్టలేదు, రాసేస్తున్నా.

బ్యాంక్వెట్ బాబూ, నీకు వచ్చినలాంటి ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఉన్నా. వేరే ఊరు, వేరే హోటల్. జాబితా పైనుంచి వచ్చింది, మాటలు కూడా పైనుంచే రాసి పంపారు. "టర్మినేషన్" అన్న మాట ఎక్కడ వాడాలో కూడా రాసుంది. రోజుకి పన్నెండు చేసేవాణ్ణి. నిన్నే పిలుస్తామన్నప్పుడు నేను నమ్మే అన్నా. తర్వాత ఏడాది పిలుద్దామంటే కాంట్రాక్టు చవకన్నారు.

అంతకుముందు నేను చేసిన హోటల్లో యూనియన్ ఉండేది. వాళ్లంటే నాకు ఒళ్లుమంట, డ్యూటీ రోస్టర్ మార్చాలన్నా పేచీ. అదే లాక్‌డౌన్‌లో అక్కడి నా స్నేహితుడు చెప్పాడు. ఒకే ఒక్క మీటింగ్. లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టారు, యూనియన్ వాళ్లు రెండు రోజులు చూసుకున్నారు. జనరల్ మేనేజర్‌తో సహా అందరికీ కోత, పై జీతాలకి ఎక్కువ, కింది జీతాలకి తక్కువ, ఎవర్నీ తీసేది లేదని రాసుకున్నారు. తెరవగానే పాత వంటవాళ్లే, పాత రుచే. మా హోటల్లో కొత్తవాళ్లకి నేర్పడానికే ఆర్నెల్లు పట్టింది. నిన్న పొద్దున నేను రాసిన ఖర్చుల లెక్క తప్పేం కాదు. ఆ లెక్క మేం ఎవరికీ చూపించలేదు, అదీ తేడా.

బ్యాంక్వెట్_బాయ్ (హైదరాబాద్) · ఉదయం 10:02

సార్, మీరు రాసినందుకు థ్యాంక్స్. నాకు ఫోన్ చేసినాయన మీద ఇన్నాళ్లూ కోపం ఉండేది. కొంచెం తగ్గింది. కొంచెమే.

బెజవాడ_బజ్జీ (విజయవాడ) · ఉదయం 11:30

ఇదంతా స్టార్ హోటళ్ల గోల. మన తెలుగోడికి హోటల్ అంటే ఇడ్లీ, సాంబారు. గవర్నర్‌పేటలో మా టిఫిన్ హోటల్ దోసె మాస్టర్ ముందు రోజు పిండి రుబ్బి, తెల్లారి పారబోసి, ఒడిశా వెళ్లే లారీ ఎక్కాడు. సప్లయర్లు, క్లీనర్లు అందరూ అంతే. వాళ్లకి ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు, పేరు రాసిన పుస్తకమే లేదు. రీకాల్ జాబితా అంటే ఓనరు ఫోన్లో కాంటాక్టులే. మాస్టర్ తిరిగొచ్చాడు గానీ, పక్క హోటల్‌కి. వాళ్లు రెండొందలు ఎక్కువిచ్చారు. అదే మా దోసె మాస్టర్ యూనియన్!

ఉక్కునగరం (విశాఖపట్నం) · మధ్యాహ్నం 12:10

బజ్జీ గారూ, చేతిలో పనితనం ఉన్న మాస్టర్‌కి చెల్లింది. క్లీనర్ కుర్రాడికి ఎవరు రెండొందలు ఎక్కువిస్తారు?

ఇంకో సంగతి మర్చిపోయా. 2025 నవంబరు 21 నుంచి కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. నేను చెప్పిన 25హెచ్ లాంటిది అందులోనూ ఉంది, కానీ తీసేసిన ఏడాదిలోపు కొత్తవాళ్లని పెట్టుకుంటేనే. పాత చట్టంలో ఆ గడువు లేదు. అక్కడ వేగాస్‌లో గడువు పొడిగించుకుంటుంటే మనకి గడువు పుట్టుకొచ్చింది. బాబు మళ్లీ తన హాల్‌కి వెళ్లింది ఎప్పుడు? ఏడాది దాటాక. ఎవరైనా ఇది చదివేవాళ్లుంటే ఆ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఆర్మూర్_పసుపు (దుబాయ్) · మధ్యాహ్నం 1:05

పెద్దమనిషీ, ఒక్కటి అడుగుత. యూనియన్ పెట్టాలంటే ఎంతమంది గావాలె? నాకోసం గాదు. మా చెల్లె కొడుకు హైటెక్ సిటీ దిక్కు హోటల్ల చేరిండు.

ఉక్కునగరం (విశాఖపట్నం) · మధ్యాహ్నం 1:30

రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు ఉండాలి. దాంతోపాటు అక్కడ పనిచేసేవాళ్లలో పది శాతం, లేదా వంద మంది, రెంటిలో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ అది. కొత్త కోడ్‌లోనూ దాదాపు అంతే. చిన్న హోటలైతే ఏడుగురితో మొదలవుతుంది. కానీ ఏడుగురి పేర్లూ యాజమాన్యానికి ఒకేసారి తెలియాలి, ఒక్కొక్కటిగా కాదు. లేకపోతే ఆ ఫోన్ల కథ మళ్లీ మొదలవుతుంది.

స్ట్రిప్_వెనకవీధి (లాస్ వేగాస్) · సోమవారం రాత్రి 9:48

మా ఊళ్లో వెనీషియన్ అనే హోటల్ 1999లో తెరిచారు. అక్కడివాళ్లకి మొదటి యూనియన్ ఒప్పందం 2024లో వచ్చింది. ఏడుగురు చాలకపోతే కంగారు పడొద్దని చెప్పండి అన్నయ్యా.

బ్యాంక్వెట్_బాయ్ (హైదరాబాద్) · రాత్రి 11:26

ఇప్పుడు నేను చేసే చోట పేరోల్ మీద 64 మందిమి. పది శాతమంటే ఆరు దాటుతుంది, కాబట్టి ఏడుగురే. డ్యూటీ దిగాక రూమ్‌లో కూర్చుని ఒక కాగితం మీద రాశా. నాది, గిన్నెలు కడిగే స్టూవర్డింగ్ వాళ్లు ఇద్దరివి, చల్లటి వంటకాలు చేసే గార్డె మాంజేలో అన్నది, లాండ్రీలో అక్కది, బెల్ డెస్క్ తమ్ముడిది. ఆరయ్యాయి.

ఉక్కునగరం సార్, రేపు ఎన్నింటికి ఫోన్ చేయొచ్చు?

ఉక్కునగరం (విశాఖపట్నం) · రాత్రి 11:41

ఐదింటికే లేస్తా బాబూ. ఏ టైమైనా చెయ్. నంబరు ఇక్కడ పెట్టను, ప్రైవేటు మెసేజ్ చూడు. ఆ కాగితం ఫొటో మాత్రం ఎవరికీ పంపకు, నాక్కూడా.